అట్టపెట్టెల్లో ప్రెసిడెంట్లు

క్లీటస్ బ్రూన్స్ గొంతు పెంచకుండా పోట్లాడే మనిషి. అలాంటివాళ్ళ జోలికి పోకూడదని హుల్డాకు బాగా తెలుసు. ఆమె మొగుడు ఆల్ఫాన్స్‌దీ అదే జాతి. సిన్సినాటిలో పాత వస్తువుల కొట్టున్న వెదర్బీకి మాత్రం ఆ సంగతి తెలియదు. తెలిసే సరికి అతని బో టైకి చెర్రీ రసం అంటుకుంది, చేతిలో ఫోర్కు ఒక్కటే మిగిలింది.

అది రిండ్లర్ వాళ్ళ పొలంలో వేలం జరిగిన రోజు. ముసలి రిండ్లర్ పోయాక, కూతురు సామానంతా పెరట్లోకి తెచ్చి పెట్టింది. ఒహాయో రాష్ట్రంలో ఆ మూల ఎవరు పోయినా, ఎవరు ఇల్లు వదిలినా జరిగేది అదే. కూచున్న కుర్చీ నుంచి కట్టుడు పళ్ళు నానేసిన గిన్నె దాకా ఎండలోకి వస్తుంది. ఊరంతా చేరి, చూసి, నవ్వుకుని, పాట పాడి పట్టుకుపోతుంది. పెద్ద సామాను విడిగా అమ్ముతారు. చిల్లరమల్లర సరుకంతా అట్టపెట్టెల్లో నింపి గడ్డి బండి మీద వరసగా పెడతారు. పెట్టె ఎలా ఉంటే అలా, మొత్తానికి ఒకటే పాట. ఒక మూల చర్చి ఆడవాళ్ళు బల్ల వేసి తిండి అమ్ముతారు. ఆ బల్ల హుల్డా రాజ్యం. ఆమె పుల్ల చెర్రీలు కూరి కాల్చే 'పై' అనే తీపి రొట్టె కోసం వేలంలో ఏమీ కొనని వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

ఆ బల్ల వెనక నుంచి గడ్డి బండి బాగా కనిపిస్తుంది. వేలం ఇంకా మొదలు కాలేదు. జనం పెట్టెలు కెలికి చూసుకుంటున్నారు. వెదర్బీ పాత బైబిళ్ళున్న పెట్టెలో చెయ్యి పెట్టి, ఒక బైబిల్లోంచి కవరొకటి లాగాడు. అటూ ఇటూ తిప్పాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. పక్కన పళ్ళు నిలవబెట్టే సీసాల తుప్పు మూతల పెట్టె ఉంది. కవరును ఆ మూతల కిందికి తోసేసి, చేతులు దులుపుకుని, మబ్బులు చూస్తూ నిలబడ్డాడు.

హుల్డాకు అర్థమైపోయింది. బైబిళ్ళకైతే పదిమంది పోటీకి వస్తారు. తుప్పు మూతలను అడిగేవాడుండడు. ఎవరూ చూడకుండా డాలరుకు కొట్టేద్దామని ఎత్తు. "ఒరేయ్ టై!" అని అరవబోయింది. అంతలో బండికి అవతల నిలబడ్డ పాలాయన క్లీటస్ పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. నెమ్మదిగా నడిచి, వేలం పాడించే మెర్ల్ చెవిలో ఏదో చెప్పాడు. అక్కణ్ణుంచి హుల్డా దగ్గరికి వచ్చాడు.

"హుల్డా, ఆ టై కట్టుకున్నాయనకి పెద్ద ముక్క కొయ్యి. కాఫీ కూడా పొయ్యి. బాగా పొగలు రావాలి."

"డబ్బులు?"

"నా లెక్కలో రాసుకో."

వెదర్బీ బల్ల దగ్గర కూచున్నాడు. పెట్టెల పాట మూతల పెట్టె దాకా వచ్చేసరికి చాలా సేపు పడుతుందనుకున్నాడు పాపం. మెర్ల్ ఆ రోజు మూతల పెట్టె ఉన్న చివర నుంచి మొదలుపెట్టాడు. "ఎండ ఇటు కొడుతోంది," అన్నాడు, ఆకాశంలో ఎండే లేదు. కాఫీ ఊదుకుంటూ వెదర్బీ తల ఎత్తేసరికి "మూతల పెట్టె, ఒక డాలరు, క్లీటస్‌కి, అయిపోయింది!" అని వినపడింది.

ముక్క వదిలేసి పరిగెత్తాడు. ఫోర్కు చేతిలోనే ఉంది.

"ఆగండి, ఆగండి! ఆ పెట్టెలో పొరపాటు జరిగింది."

"ఏం పొరపాటు?" అన్నాడు మెర్ల్.

"అందులో ఒక కవరుంది. అది బైబిళ్ళలోది. బైబిళ్ళు నేను పాడబోతున్నాను."

క్లీటస్ పెట్టెలోకి తొంగి చూశాడు. "నాకు మూతలే కనపడుతున్నాయండీ."

"అడుగున ఉంటుంది. ఎడమ మూల."

"మీరీ పెట్టె ముట్టుకున్నారా?"

"లేదు!"

"మరి ఎడమ మూలని ఎట్లా తెలిసిందండీ?"

వెనక నుంచి ఎవరో రైతు అందుకున్నాడు. "మూతల్లోంచి అడుగు కనపడుతుందంట్రా ఆయనకి! మా ఆవు దగ్గరికి తీసుకురండి, లోపల దూడ ఎటు తిరిగుందో చెబుతాడు!"

జనం గొల్లుమన్నారు. వెదర్బీ మొహం చెర్రీ రంగుకు తిరిగింది. "ముట్టుకున్నాననే అనుకోండి. అయితే ఏంటి?"

"ఏం లేదండీ," అన్నాడు క్లీటస్, పిల్లాడికి నచ్చచెబుతున్నట్టు. "బైబిల్లోది మూతల్లోకి ఎట్లా నడిచి వచ్చిందో రిండ్లర్ అమ్మాయికి చెప్పండి. ఇక్కడే ఉంది. మీరు చెప్పెయ్యండి, పెట్టె వెనక్కి ఇచ్చేస్తాను."

వెదర్బీ నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. హుల్డా వంటింటి తొట్టిలో ఆఖరి ఊపిరి పీల్చే చేప కూడా ఎప్పుడూ అంత బాగా నోరు తెరిచి మూయలేదు.

"పెట్టె ఎలా ఉంటే అలా," అన్నాడు మెర్ల్. "తర్వాతి పెట్టె!"

వెళ్ళే ముందు వెదర్బీ క్లీటస్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నీ దగ్గర ఏమేం ఉన్నాయో నాకు తెలుసు, పాలాయనా. నీకూ ఒక రోజు వేలం జరుగుతుంది. ఆ రోజు నేను ముందు వరసలో ఉంటాను. నీ కాగితం ప్రతి ఒక్కటీ నాతో సిన్సినాటి వస్తుంది."

జనం ఆ మాటకు కూడా నవ్వారు. క్లీటస్ నవ్వలేదు. కవరును రిండ్లర్ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది మీ బైబిల్లోది, మీకు కావాలా?" అని అడిగాడు. ఆమె చూసి, "స్టాంపు కూడా లేదు, నాకెందుకు?" అంది. స్టాంపు లేకపోవడమే దాని గొప్ప. గార్ఫీల్డ్ ప్రెసిడెంటు పోయాక ఆయన భార్యకు, స్టాంపు అంటించే చోట తన పేరు రాస్తే చాలు, ఉత్తరం వెళ్ళిపోయే హక్కు ఇచ్చారు. ఆవిడ చేతి సంతకం ఆ మూలన ఉంది. క్లీటస్ ఇదంతా విప్పి చెప్పినా ఆ అమ్మాయి "ఉంచుకోండి అంకుల్" అని బట్టల బీరువా ఎంతకు పోతుందో చూడటానికి పరిగెత్తింది.

కాఫీ లెక్క తీర్చడానికి వచ్చి క్లీటస్ అన్నాడు, "టై ఆయన చెప్పింది నిజమే హుల్డా. నాకు పిల్లా జెల్లా లేరు. నా సామానూ ఏదో రోజు ఎండలోకి వస్తుంది. వాడు వస్తాడు. పాడతాడు. ఈ ఊళ్ళో వాడితో పోటీ పాడేవాడెవడు?"

"అప్పటికి వాడు చస్తాడులే," అంది హుల్డా. ఓదార్చడం ఆమెకు అంతకంటే చేతకాదు.

క్లీటస్ బతుకంతా పాలబండి మీదే గడిచింది. తెల్లారేసరికి ప్రతి పొలం ముందూ ఆగి పాలు ఎక్కించుకుని ఫ్యాక్టరీకి తోలుకెళ్ళేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "తెల్లారకముందే లేచే మొగుణ్ణి ఎవరు భరిస్తారు?" అనేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒక వేలంలో తలుపు బందుల కోసం ఒక అట్టపెట్టె కొన్నాడు. ఇంటికి వెళ్ళి బోర్లిస్తే బందులతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి పడింది. హేస్ అనే ప్రెసిడెంటు, పదవి దిగిపోయాక, తనకు మొక్కలు పంపిన ఒక రైతుకు చేత్తో రాసిన జాబు. రెండే వాక్యాలు: మొక్కలు చేరాయి, ఒకటి ఎండిపోయింది.

"చూశావా," అనేవాడు క్లీటస్ ఎప్పుడూ. "దేశాన్ని ఏలినవాడు, ఎండిపోయిన మొక్కను కూడా దాచలేదు."

"నా మొగుడు కూడా అంతే. నా కొత్త గౌను చూసి బాలేదన్నాడు. ఆయన కాగితాలు దాచుకోవేం?" అనేది హుల్డా.

ఆ జాబు దొరికిన రోజు నుంచి అతనికి అదే పిచ్చి. అంగడికి వెళ్ళి కొన్నది ఒక్కటీ లేదు. కేటలాగు చూసి తెప్పించుకున్నది లేదు. పెట్టె అడుగున తన చేతికి తగిలితేనే తనది. ప్రెసిడెంట్లు ఎక్కువమంది పుట్టిన రాష్ట్రమని ఒహాయోకు మహా గర్వం, మొక్కజొన్న తర్వాత అదే పంట. అందుకని దొరికేవి కూడా బాగానే దొరికేవి. ఎన్నికల బొత్తాలు, పట్టు రిబ్బన్లు, మెకిన్లీ బొమ్మ వేసిన పళ్ళెం, ప్రెసిడెంటు కాకముందు ఒకాయన చుట్టాలకు రాసిన పెళ్ళి కబురు. మామూలు మనుషులు మామూలు విషయాలు రాసుకున్నవి. కిటికీ లేని సరుకుల గదిలో, వెలుతురు సిరాను తినేస్తుందని తెర వేసి, వాటిని పెట్టుకున్నాడు.

హుల్డా మొదటిసారి ఆ గది చూడటానికి పై పట్టుకుని వెళ్ళినప్పుడు, గుమ్మంలోనే ఆపేశాడు.

"పై అక్కడ పెట్టు. చేతులు కడుక్కునిరా. బాగా ఆరాక ముట్టుకో."

హుల్డాకు తల కొట్టేసినట్టయింది. ఈ కౌంటీలో సగం పెళ్ళిళ్ళకు పిండి కలిపిన చేతులవి. "నా చేతులకు మురికేంటయ్యా? నీ ప్రెసిడెంట్లే ముక్కు చీది ఆ చేత్తో రాసి ఉంటారు!" అంది. అని, కడుక్కునే వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా అదే మాట, అదే తిట్టు, అదే కడగడం.

కొత్త ప్రెసిడెంటు గద్దె ఎక్కగానే క్లీటస్ అతనికో జాబు రాసేవాడు, పాల ధర సంగతో, వాన సంగతో. జవాబు వచ్చేది, కింద అందమైన సంతకంతో. సంతకం మిషను చేసిందని క్లీటస్‌కు తెలుసు. వాటిని విడిగా బిస్కెట్ల డబ్బాలో పడేసేవాడు.

నిజం మనుషులకు రుచించదని క్లీటస్‌కు మాత్రం ఎన్నటికీ తెలిసిరాలేదు. ఆ ప్రాంతంలో పాత కాపురస్థుల ఇళ్ళల్లో గోడమీద ఒక కాగితం ఉంటుంది, ముత్తాతల తాతలకు ప్రభుత్వం భూమి ఇచ్చిన పట్టా. కింద ప్రెసిడెంటు పేరు. మా ముత్తాతకు ప్రెసిడెంటే తన చేత్తో సంతకం పెట్టి ఇచ్చాడని ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు, పెళ్ళికూతురు మొదటిసారి వస్తే ముందు దాన్నే చూపిస్తారు. క్లీటస్ పాల లెక్క రాయించుకుంటూ దాన్ని చూసి, "ఇది గుమాస్తా సంతకమండీ" అనేవాడు. "అన్ని వేల పట్టాలకు సంతకాలు పెడుతూ కూచుంటే దేశం ఎవరు నడుపుతారు? అందుకని చట్టం చేసి గుమాస్తాను పెట్టారు. ప్రెసిడెంటు పేరు కూడా వాడే రాసేవాడు."

ఒకావిడ చీపురు తీసింది. ఒకాయన పాలు వేరే బండికి పోయడం మొదలుపెట్టాడు. ఒకరింట్లో క్రిస్మస్ విందులో ఆ మాట అన్నందుకు బాతు మాంసం అతని దాకా రానివ్వలేదు.

హుల్డా ఇంట్లోనూ ఆ పట్టా ఉంది. వాన్ బ్యూరెన్ అనే ప్రెసిడెంటు పేరుతో, పళ్ళేల బీరువా మీద, బంగారు రంగు ఫ్రేములో. అత్తగారి నుంచి ఆమెకు వచ్చిన గొప్పల్లో మొదటిది. హుల్డా అమ్మ పోతే తమ్ముళ్ళను సాకడానికి అయిదో తరగతిలోనే బడి మానేసింది. అచ్చు అక్షరాలు చదువుతుంది గానీ ఆ మెలికల చేతిరాత ఆమెకు కొరుకుడు పడదు. అయినా ఆ కాగితం కింద కుర్చీ వేసుకుని కూచుంటే రాణిలా ఉండేది. క్లీటస్ దాన్ని మొదటిసారి చూసిన రోజు ఆమె చీపురు తలుపు పక్కనే పెట్టుకుని కూచుంది. అతను టోపీ తీశాడు. దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. బల్ల మీదున్న పై ముక్క వైపు చూశాడు.

"ఫ్రేము బాగుంది," అన్నాడు.

ఆ తర్వాత ఎన్నేళ్ళు వచ్చినా, ఎన్ని ముక్కలు తిన్నా, అదే మాట. ఫ్రేము బాగుంది.

ఆల్ఫాన్స్ పోయాడు. పాలబండి పోయి పెద్ద ట్యాంకరు వచ్చింది, తర్వాత క్లీటస్ దాన్ని కూడా దిగిపోయాడు. వెదర్బీ మాత్రం చావలేదు. జుట్టు నెరిసింది, టై మారింది, కొట్టు ఇంకా పెద్దదయింది.

ఈ చలికాలం క్లీటస్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మేనకోడలు డేటన్ నుంచి వచ్చి, చర్చి వాళ్ళు నడిపే వృద్ధాశ్రమంలో గది మాట్లాడింది. ఒక మంచం, ఒక సొరుగు, ఒక గోడ. మిగతాది వేలం. పోస్టర్లు ఊళ్ళో దాణా కొట్టు గోడకు ఎక్కాయి: పనిముట్లు, పాల క్యాన్లు, గిన్నెలు, పెట్టెలు. ప్రెసిడెంట్ల ఊసు లేదు. ఆ కాగితాలు పోస్టర్‌లోకి ఎక్కించొద్దని మెర్ల్‌ను క్లీటస్ గట్టిగా ఆపాడు. అయినా వెదర్బీ చాక్లెట్ల పెట్టె పట్టుకుని మంచం దగ్గరికే వచ్చాడు.

"మొత్తం ఇప్పుడే ఇచ్చెయ్, పెద్దాయనా. వేలం దాకా ఎందుకు? ఎట్లాగూ నావే."

"మీరు ఎప్పుడో అన్నారుగా ముందు వరసలో ఉంటానని," అన్నాడు క్లీటస్. "వచ్చి కూచోండి." చాక్లెట్లు పుచ్చుకున్నాడు.

వేలం రేపనగా మధ్యాహ్నం హుల్డాను రమ్మన్నాడు. ఇల్లు బోసిగా ఉంది. పెరట్లో గడ్డి బండి మీద పెట్టెలు అప్పుడే వరసగా ఎక్కాయి. క్లీటస్ నడకకు ఊతమిచ్చే చట్రం పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూచున్నాడు, ముందర అట్ట కట్టలో కాగితాలన్నీ. చాక్లెట్లు ఆమె ముందుకు తోశాడు.

"టై ఆయన తెచ్చాడు. బాగున్నాయి."

"విషం పెట్టాడేమో."

"నేను సగం తిన్నా. చావలేదు. నీతో పనుంది హుల్డా. రేపు పొద్దున్నే బల్ల వెయ్యడానికి అందరికంటే ముందొచ్చేది నువ్వేగా?"

"నేను కాక మా గోడమీది వాన్ బ్యూరెన్ వస్తాడా?"

క్లీటస్ ఆ పేరు విని కిటికీ వైపు చూశాడు. హుల్డా కుర్చీ లాక్కుని కూచుంది.

"ఇప్పుడు చెప్పు. రేపటి తర్వాత నీకు ఇల్లుండదు, చీపురుతో తరుముదామన్నా నువ్వు నా గుమ్మానికి రావు. నా గోడమీద కాగితం సంగతి ఏంటి?"

"ఫ్రేము..."

"ఫ్రేము సంగతి నాకు తెలుసు."

అతను గొంతు సవరించుకున్నాడు. "గుమాస్తాది హుల్డా."

"తెలుసు. పెళ్ళయిన ఏడాదే ఆల్ఫాన్స్ చదివి చెప్పాడు. 'బై', అంటే 'ఫలానావాడి చేత', అని రాసి కింద గుమాస్తా పేరు ఉందట. అత్తగారికి చెప్పొద్దని ఒట్టు వేయించాడు."

"మరి ఇన్నేళ్ళూ..."

"నువ్వెప్పుడు నోరు జారతావా, ఎప్పుడు చీపురు తీద్దామా అని చూశా. ఊరందరికీ చెప్పినవాడివి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పై పెడతావా?" అన్నాడు క్లీటస్. ఇద్దరూ నవ్వారు. అతనికి తుంటి నొప్పి వచ్చే దాకా నవ్వారు.

తర్వాత అతను అట్ట కట్టను ఆమె వైపు జరిపాడు. "వీటిని తీసుకెళ్ళి బండి మీది పెట్టెల్లో పెట్టు. ఒక్కో పెట్టెలో ఒక్కటి. మేకుల్లో ఒకటి, కర్టెన్ కడ్డీల్లో ఒకటి, పాత కుట్టు సామానులో ఒకటి. అడుగున, అట్ట కవర్లో పెట్టి, నలగకుండా."

హుల్డా అతని మొహం చూసింది. జ్వరమేమో అనుకుంది. "ప్రెసిడెంట్లను తుప్పు మేకుల్లో పాతెయ్యమంటావా?"

"నాకు అక్కడే దొరికారు."

"మ్యూజియానికి ఇచ్చెయ్యి."

"చీకటి సొరుగులో పడేస్తారు."

"నువ్వూ చీకటి గదిలోనేగా పెట్టావు!"

"నేను తలుపు తీసి చూసేవాణ్ణి."

"సరే, మన ఊరివాళ్ళకే చేతిలో పెట్టి ఇవ్వు."

"ఇస్తే మర్యాదకు పుచ్చుకుంటారు. పాపం ముసలాయన అని అటక మీద పడేస్తారు. అదే మేకుల కోసం పెట్టె కొనుక్కుని, ఇంటికెళ్ళి బోర్లించినప్పుడు, హేస్ గారు బయటపడి మొక్క ఎండిపోయిందని చెప్పారనుకో." క్లీటస్ చెయ్యి గాలిలోనే ఆగింది, మళ్ళీ ఆ తలుపు బందుల పెట్టె ముందు కూచున్నట్టు. "అది వేరు హుల్డా."

"చూసుకోకుండా చెత్తలో పారేస్తే?"

"పారేస్తే పారేస్తారు. టై ఆయన అద్దాల బీరువాలో ధర చీటీ కట్టుకుని కూచోవడం కంటే నయం. ఆయన కాగితాలు తీసేసిన ఖాళీ ఫ్రేములన్నీ పాడుకుంటాడు. ఫ్రేములు బాగుంటాయి."

"నువ్వు చెప్పేది దొంగపని. నేను చర్చి ఆడదాన్ని."

"టై ఆయన ఆ రోజు ఊళ్ళోవాళ్ళది దాచాడు. నాది నేను నా పెట్టెలో పెట్టుకుంటే దొంగతనమేంటి? నేను బండి ఎక్కలేను. నువ్వయితే ఎవరూ అనుమానించరు. నిన్ను అనుమానించే ధైర్యం ఈ కౌంటీలో ఎవరికుంది?"

అది పొగడ్తే అని హుల్డా తీర్మానించుకుంది. "మరి నీ సొరుగులోకి ఏం ఉంచుకున్నావు?"

అతను ఒళ్ళో నుంచి బిస్కెట్ల డబ్బా తీసి చూపించాడు. మిషను సంతకాలు. "వీటిని ఎవరూ కొనరు. నాకు తోడుంటాయి."

హుల్డా ఒక చాక్లెట్ తీసుకుంది.

"పెట్టెల పాట ఏ చివర నుంచి మొదలుపెట్టాలో మెర్ల్‌కు చెప్పాను," అన్నాడు క్లీటస్. "టై ఆయనకి పెద్ద ముక్క కొయ్యి. కాఫీ బాగా పొగలు రావాలి. గార్ఫీల్డ్ భార్య కవరు మాత్రం సీసాల మూతల పెట్టెలోనే పెట్టు, ఆమెకి అలవాటైన చోటు."

హుల్డా అట్ట కట్ట మీదికి చెయ్యి చాపింది.

"ముందు చేతులు కడుక్కో హుల్డా," అన్నాడు. "చాక్లెట్ అంటింది. బాగా ఆరాక ముట్టుకో."